బల్ల మీద ఊరు

ఆ రోజు పొద్దున మా బ్లాకు కింద, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఒకాయన చోటు పట్టుకోవడానికి బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి కాఫీకి వెళ్ళాడు. ఒక మైనా పిట్ట వచ్చి ఆ ప్యాకెట్టును ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. ఆయన తిరిగొచ్చేసరికి ఆ బల్ల దగ్గర వేరేవాళ్ళు కూర్చుని ఉన్నారు. కప్పు పట్టుకుని వేరే బల్ల వెతుక్కుంటూ వెళ్ళాడు. నేను అది చూస్తుండగా ఫోను మోగింది. ఆంగ్ మో కియోలో కాన్వెంట్ సిస్టర్లు ఉండే ఇంటి నుంచి, వాళ్ళందరిలోకి చిన్నావిడ. మా సిస్టర్ తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పింది.

"నీకు ముందే చేయాల్సింది" అంది. "ఐర్లండులో వాళ్ళ మేనకోడలికి చెప్పి, ఆ కబుర్లలో ఆలస్యమైపోయింది."

ఆఫీసుకు వెళ్ళే రైల్లో, సిస్టర్ ఇంటర్నెట్‌లో నడిపే పేజీ తెరిచాను. అప్పటికే మెల్‌బోర్న్‌లో ఉండే ఒక పెద్దమనిషి రాసి ఉన్నాడు, "మన సిస్టర్ ఇక లేరు" అని. ఆయన సిస్టర్‌ని ఒక్కసారి కూడా చూడలేదు. నాకు దుఃఖం రాకముందే ఆ 'మన' అనే మాట గుచ్చుకుంది. ఆ తరవాతే ఏడుపొచ్చింది. బూన్ లే స్టేషన్లో ఎక్కినవాళ్ళు నా ముఖం చూసి ఫోన్లలోకి తలలు దించుకున్నారు.

ఆ పేజీ సంగతి చెప్పాలి. సిస్టర్‌ది ఐర్లండులో నది ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ దేశానికి పెద్ద కరువు వచ్చిన కాలం నుంచి ఆ ఊరివాళ్ళు ఓడలెక్కి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, అర్జెంటీనాకు పోతూనే ఉన్నారు. పోయినవాళ్ళ మనవలకు, మునిమనవలకు ఇప్పుడు తమ మూలాలు తెలుసుకోవాలని ఉంది. మా ముత్తవ్వ ఏ వీధిలో ఉండేది, ఏ బడికి వెళ్ళింది, ఎక్కడ పాతిపెట్టారు అని అడుగుతారు. సిస్టర్ దగ్గర చర్చి బాప్టిజం పుస్తకాల నకళ్ళు, పాత బడి ఫొటోలు ఉండేవి. ఆ ఊళ్ళోనే ఉండే మేనకోడలు సమాధి రాళ్ళ ఫొటోలు తీసి పంపేది. సిస్టర్ చిన్న వయసులో సన్యాసం పుచ్చుకుని, పాఠాలు చెప్పడానికి సింగపూర్ వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. ఉద్యోగం అయిపోయాక మా కాన్వెంట్ లైబ్రరీ చూసుకుంటూ, శనివారాలు ఆ ఉత్తరాలకు జవాబులు రాసేవారు.

నేను ఆ లైబ్రరీలో మధ్యాహ్నం భోజనం టైములో దాక్కునే పిల్లని. క్లాసులో నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు, నేనూ మాట్లాడేదాన్ని కాదు. ఒకరోజు సిస్టర్ నా పక్కన కుర్చీ లాక్కుని, "నువ్వు చదివే పుస్తకం తలకిందులుగా ఉంది" అన్నారు. నిజంగానే ఉంది. "టైపు చేయడం వచ్చా?" అని అడిగారు. వచ్చంటే, "అయితే శనివారం రా. ఇక్కడ ఏడవడం కన్నా అది నయం" అన్నారు. అప్పటి నుంచి బడి, కాలేజీ, ఉద్యోగం మారినా నా శనివారాలు మారలేదు.

ఆవిడ పని చేసే తీరు వేరు. ఏ ఉత్తరం వచ్చినా వెంటనే కాగితాలు తిరగేసేవారు కాదు. కండెన్స్‌డ్ మిల్క్ వేసిన టీ పక్కన పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో బల్ల మీద నడిచేవారు. వంతెన దిగి, రొట్టెల కొట్టు దాటి, ఎడమ వైపు తిరిగి. ఆ ఊళ్ళో బ్రెనన్ అనే ఇంటిపేరువాళ్ళే లెక్కలేనంత మంది. అందుకని అక్కడివాళ్ళు వాళ్ళకు అడ్డపేర్లు పెట్టారు. వంతెన బ్రెనన్లు, దర్జీ బ్రెనన్లు, ఎర్ర బ్రెనన్లు. వేళ్ళు ఒకచోట ఆగేవి. "ఇది దర్జీ వాళ్ళ గుమ్మం. బోస్టన్ నుంచి రాసిన ఆయన వీళ్ళవాడు. రాసుకో" అనేవారు. పేరు తెలిస్తే చాలదనీ గుమ్మం తెలియాలనీ ఆవిడ పదే పదే చెప్పే మాట. నేను తొందరపడి పాత పుస్తకంలోంచి మరో పేరు వెతకబోతే, "చచ్చిపోయినవాళ్ళకు తొందర లేదు లా. ఉత్తరం రాసిన ఆవిడ బతికి ఉంది, ముందు ఆవిడకు జవాబు రాయి" అనేవారు. సింగపూర్ వాళ్ళు మాట చివర తగిలించే ఆ 'లా' ఆవిడకూ అంటుకుపోయింది.

ఆ వేళ్ళ నడక చూస్తూ నేను అసూయపడేదాన్ని. ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న ఎవరో ఒకరికి ఇంకా ఒక గుమ్మం మిగిలి ఉంది. ఆ గుమ్మం దాకా నడిపించడానికి ఒక మనిషి ఉంది. మా వైపు మా నాన్నకు తాత పేరు తెలుసు, తాత తండ్రి పేరు తెలియదు. వాళ్ళకు అడగగానే దొరికేది, నాకు అడగాలని కూడా తోచలేదు.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి ఆవిడ చివరిదాకా చెప్పి నవ్వేవారు. ఆ ఊరి కుటుంబాలన్నీ వరసగా కంప్యూటర్లో ఎక్కించమంటే, పెళ్ళయిన ఆడవాళ్ళందరినీ మొగుళ్ళ ఇంటిపేర్ల కింద చేర్చాను. పెళ్ళయితే ఇంటిపేరు మారిపోవాలి కదా, నేను పుట్టిన చోట అంతే. వారం తరవాత సిస్టర్ చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"మా ఊళ్ళో సగం మందిని మాయం చేశావు" అన్నారు.

"వాళ్ళందరికీ పెళ్ళిళ్ళయ్యాయి సిస్టర్."

"అయితే? మా ఊళ్ళో ఆడది పెళ్ళి చేసుకున్నా పుట్టింటి పేరుతోనే పిలుస్తారు. చచ్చాక రాతి మీద కూడా అదే చెక్కుతారు. పిల్ల బాప్టిజం రాసేటప్పుడు పాదిరీ తల్లిని అడిగేది కూడా అదే, నువ్వు ఎవరి పిల్లవి అని." మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని, "మీ అమ్మ పెళ్ళికి ముందు ఎవరు?" అన్నారు.

నాకు తెలియదు. ఆ సాయంత్రం వంటింట్లో అమ్మను అడిగాను. అమ్మ పోపు వేస్తున్న గరిటె ఆపింది.

"ఏటే, ఉన్నట్టుండి? నన్నెవులూ అడగనేదు ఇది."

"సిస్టర్ అడిగారు."

"సిస్టరమ్మకెందుకే మా ఇంటిపేరు?" అంది గానీ ముఖం వెలిగింది. శ్రీకాకుళం దగ్గర వాళ్ళ పుట్టిల్లు, ఆ వాకిలి, ఆ వీధిలో ఎవరి తరవాత ఎవరిల్లో, పోపు మాడేదాకా చెప్పింది. ఆ తరవాత ఊరుకోలేదు. మరుసటి శనివారం గారెలు చేసి డబ్బాలో పెట్టుకుని నాతో పాటు బయల్దేరింది.

ఆ రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నాకు అమ్మ మీద కూడా అసూయ పుట్టింది. సిస్టర్ గారెలు తింటూ, నా చేత తర్జుమా చేయించుకుంటూ, అమ్మను ఒకదాని తరవాత ఒకటి అడిగారు. మాటల మధ్యలో అమ్మ అంది, "మా తాత తమ్ముడు రంగం ఎల్లిపోనాడు సిస్టరమ్మా. మరి రానేదు. ఉత్తరం ముక్క కూడా నేదు."

రంగం అంటే రంగూను. మా వైపు నుంచి వెనకటి రోజుల్లో కూలికి ఓడ ఎక్కి అక్కడికి పోయేవాళ్ళు. నేను అది చెప్పగానే సిస్టర్ గారె పక్కన పెట్టేశారు. "పేరేమిటి? ఏ రేవులో ఎక్కాడు? వెంట ఎవరైనా వెళ్ళారా? వెళ్ళేటప్పుడు పెళ్ళయిందా?" బోస్టన్ వాళ్ళను అడిగే ప్రశ్నలే, అంతే శ్రద్ధగా. అమ్మ తనకు తెలుసని తనకే తెలియని సంగతులు చెప్పింది. ఆయన కుడిచేతికి ఆరు వేళ్ళని చెప్పింది, వెళ్ళేటప్పుడు చెల్లెలి దుప్పటి పట్టుకుపోయాడని చెప్పింది. నాకు ఎన్నడూ చెప్పలేదు. సిస్టర్ నన్నెన్నడూ అంత ఆత్రంగా ఏదీ అడగలేదు. నేను మధ్యలో కూర్చుని ఇద్దరి మాటలూ ఇటువీ అటువీ మోశాను.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో అమ్మ, "మనిషి దేవత" అంది.

"నాతో అంత మాట్లాడరు" అన్నాను.

"నువ్వు మాటాడితే కదే."

ఆ బోస్టన్ ఆయన ఒకసారి భార్యతో ఎక్కడికో పోతూ సింగపూర్‌లో దిగాడు. సిస్టర్ గుమ్మం దగ్గరే ఆయన రెండు చేతులూ పట్టుకుని, "ఇదిగో, దర్జీ వాళ్ళ గడ్డం!" అని కావలించుకున్నారు. అన్నేళ్ళలో ఆవిడ నన్ను ఒక్కసారీ కావలించుకోలేదు. నేను టీ తెచ్చాను. ఆయన కప్పు అందుకుని మర్యాదగా, "మీరు ఇక్కడ పనిచేస్తారా?" అని అడిగాడు.

"కాదు," అన్నారు సిస్టర్, "నేనే ఈ అమ్మాయి కింద పనిచేస్తాను. తప్పు రాస్తే ఊరుకోదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ కౌగిలింతే గుర్తొచ్చింది. నా గడ్డం ఎవరిదో ఆవిడ ఎప్పటికీ పోల్చలేరు. ఎంత చదివినా, ఎన్ని శనివారాలు వచ్చినా నేను ఆ ఊరి పిల్లను కాను. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆవిడ నాకు ఇచ్చినవి చాలా కనిపిస్తాయి. తెలియని మనిషికి ఉత్తరం రాయడం, తెలియనిది తెలియదని రాయడం, ఎదుటివాళ్ళ దుఃఖం ముందు తొందరపడకపోవడం ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. పెద్దగా మాట్లాడకపోయినా పక్కన ఒకరు కూర్చుని ఉండడం ఎంత గొప్ప సంగతో కూడా. కానీ అప్పుడు నాకు అవి కాదు కావలసింది. నన్ను తన మనిషి అనిపించుకోవాలని ఉండేది.

అంత్యక్రియలకు మేనకోడలు వచ్చింది. అరవై దగ్గర పడ్డ మనిషి, వేడికి ముఖం ఎర్రబడి ఉంది. చర్చిలో ఆమెను మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చిన సందేశాలు పాదిరీ చదివారు. "మా సిస్టర్", "మన సిస్టర్" అని ప్రతి ఒక్కరూ. అమ్మ, నేను వెనక ఫ్యాను కింద కూర్చున్నాం. నేను చదవడానికి ఏమీ రాసుకుపోలేదు. నన్ను ఎవరూ అడగలేదు.

అంతా అయ్యాక మేనకోడలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. దగ్గరున్న కాఫీ షాపులో ముగ్గురం కూర్చున్నాం. ఆమె చల్లటి నిమ్మరసం గటగటా తాగేసి, మంచి మనసుతోనే అడిగింది.

"అత్త పేజీ సంగతి నీతో మాట్లాడాలి. మెల్‌బోర్న్ ఆయన తీసుకుంటానంటున్నాడు. వాళ్ళ తాత మా వీధివాడే. నీకెందుకమ్మా ఇంకా ఈ శ్రమ? ఆ ఊరు నీకేమవుతుందని?"

నేను ఇన్నేళ్ళు భయపడిన ప్రశ్న అదే.

"ఏటంటాది?" అంది అమ్మ. చెప్పాను.

"ఆలోసిస్తావేటే? నువ్వు సిస్టరమ్మ తాలూకా అని సెప్పు."

ఎవరి మనిషివి అని అడగాలంటే మా వైపు 'ఎవరి తాలూకా' అంటారు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. అందుకని, "నేనే చూసుకుంటాను. ఎవరికీ ఇవ్వను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్క బల్లవాళ్ళు కూడా తిరిగి చూశారు.

మేనకోడలు గ్లాసులో ఐస్ కదిపింది. "మెల్‌బోర్న్ ఆయనకు కోపం వస్తుంది" అంది.

"రానీయండి."

"అత్త కూడా ఇంతే, ఒక్క కాగితం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు" అని నవ్వి, ఐస్ ముక్క నోట్లో వేసుకుంది. "సరే, నేను చెబుతానులే ఆయనకు. సమాధి ఫొటోలు నీకే పంపిస్తాను."

ఆమె ఇంకో రెండు రోజులు ఉంది. వెళ్ళిపోయేటప్పుడు అమ్మ, నేను విమానాశ్రయానికి వెళ్ళాం. ఆమెకు ఏదో ఒకటి ఇవ్వాలని అమ్మ గారెల డబ్బా పట్టుకొచ్చింది. లోపలికి వెళ్ళే వరసలో నిలబడి ఆమె మాతో చాలాసేపు మాట్లాడింది.

పోయిన శనివారం మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచాను. అమ్మ పక్కన చిక్కుడుకాయలు తుంచుతోంది. అర్జెంటీనా నుంచి ఒకావిడ రాసింది, వాళ్ళ ముత్తవ్వ ఎర్ర బ్రెనన్ల ఆడపడుచట. బల్ల మీద వేళ్ళు పెట్టి చూశాను. నాకు ఆ దారి కంఠతా వచ్చు, కానీ కళ్ళు మూసుకుంటే ఏమీ కనిపించలేదు. పుస్తకం తెరిచి, బాప్టిజం వెతికి, పుట్టింటి పేరుతో సహా రాసి పంపాను. సిస్టర్ పోయారని కూడా రాశాను. గంటలో ఆవిడ జవాబిచ్చింది. "మా సిస్టర్ కోసం ఇక్కడ మేం ప్రార్థన చేస్తాం" అని రాసింది. మళ్ళీ ఆ 'మా'. ఈసారీ గుచ్చుకుంది. చివర అడిగింది, "మీరూ మా ఊరివారేనా?"

నేను ఆ ఊళ్ళో పుట్టలేదు, ఆ ఊరిని చూడలేదు అని రాశాను.

సిస్టర్ కూడా ఆ ఊళ్ళో పుట్టలేదని విమానాశ్రయంలో మేనకోడలు చెప్పింది. తల్లి చనిపోతే తమ్ముడిని వెంటబెట్టుకుని పిన్ని ఇంటికి వచ్చి, అక్కడ పెరిగిన పిల్ల ఆవిడ.