క్యారవాన్‌కు నేను కట్టిన ధర

మా ఆయనకు నడుము నొప్పి ముదిరింది. ఇక దూరాలకు బండి నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో మా క్యారవాన్‌ను అమ్మేద్దామనుకున్నాం. మాది షూటింగుల దగ్గర కనిపించే ఏసీ బండి కాదు. కాలేజీ స్టాఫును ఏళ్లకేళ్లు తిప్పిన పాత వ్యాను. దాన్ని కొని, సీట్లన్నీ పీకేసి, ఇల్లులా మార్చుకున్నాం. మా ఆయనకు మట్టెవాడలో ఫర్నిచర్ షాపు ఉంది. మంచాలు, అరలు, మడతబెట్టే బల్ల, అన్నీ తన చేతులతోనే చేశాడు. నేను టైలర్ని. పరుపుల గలేబులు, కిటికీ తెరలు కుట్టాను.

అసలు ఆ బండి ఆలోచన నాదే. మా అత్తమ్మకు మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉంది. బస్సు ఎక్కాలంటే భయం, చుట్టాల పెండ్లిళ్లకు కూడా పోయేది కాదు. అడిగితే "నాకు పాణం బాగలేదు బిడ్డా" అనేది గానీ అసలు సంగతి చెప్పేది కాదు. తెలిశాక నేనే మా ఆయనతో అన్నాను, బండి వెనక భాగంలో చిన్న బాత్రూం కడదామని. పట్టుకుని లేవడానికి గోడకు రాడ్డు, కింద ట్యాంకు, లోపల లైటు పెట్టించాం. ఆ బండిలోనే అత్తమ్మ మేడారం జాతరకు వచ్చింది, బాపట్ల సముద్రం చూసింది. నీళ్లలో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా అరిచింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

అమ్మడం సరే, ఎంతకు అమ్మాలి? అక్కడే పేచీ మొదలైంది.

"తొమ్మిది లక్షలకు పైసా తగ్గ," అన్నాడు మా ఆయన.

హన్మకొండ నుంచి ఒక బ్రోకరు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, లోపలికి తొంగి కూడా చూడలేదు. "నాలుగు లక్షలక్కా. పాత బండి రేటు గంతే. లోపల చేసుకున్నదంతా మీ షోకు. దానికి పైసలెవరిస్తరు?" అన్నాడు. మా ఆయన ముఖం ఎర్రబడింది. నేనే చాయ్ తాగించి పంపించాను.

ఇద్దరూ తప్పే చెబుతున్నారని నాకనిపించింది. పెండ్లి బ్లౌజుకు నేను బట్ట ఖర్చు వేరుగా, కుట్టుకూలి వేరుగా లెక్కేస్తాను. కుడుతున్నప్పుడు ఆ పెండ్లిపిల్ల మీద కలిగిన ఇష్టానికి లెక్క ఉండదు. బండికి కూడా అలాగే చూద్దామనుకున్నాను. పాత బండ్లు అమ్మే చోట్లకు పోయి, అంతే వయసున్న ఖాళీ వ్యాన్లు ఎంతకు పోతున్నాయో అడిగాను. ఆ రేటు మీద మంచాలు, అరలు, నీళ్ల మోటారు, సోలార్ పలక కలిపాను. అన్నీ మేము వాడినవే కాబట్టి పెట్టిన ఖర్చులో సగమే వేశాను. వెనక టైర్లు అరిగాయి, వానకు పైకప్పు ఒకచోట కారుతుంది. ఆ రిపేరు ఖర్చు తీసేశాను. ఆరు లక్షలకు అటూ ఇటూగా తేలింది.

"నా చేతి పని సగానికి పడగొట్టినవా?" అన్నాడు మా ఆయన.

"మనమే కొనేటోళ్లమనుకో. గిట్ల కారే బండికి ఎంతిస్తవ్?"

ఆయన పైకప్పు మీది మరక వంక చాలాసేపు చూశాడు. "ఆరుకు మించి ఇయ్య," అని ఒప్పుకున్నాడు. అలిగి ఆ పూట అన్నం మాత్రం షాపులోనే తిన్నాడు.

"మరి అమ్మ సముద్రం చూసిన దానికేం వేసినవ్?" అని మర్నాడు అడిగాడు.

"అది అమ్ముతలేం కదా," అన్నాను.

తర్వాత మరిపెడ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకు వరికోత మిషన్లు ఉన్నాయి. కోతల కాలంలో డ్రైవర్లను వెంటేసుకుని జిల్లాలు తిరుగుతాడు. రాత్రిళ్లు ఎవరి కొట్టంలోనో పడుకోవలసి వస్తోందట, అందుకే బండి కావాలన్నాడు. నేను ముందుగా పైకప్పు కారే చోటు చూపించాను. మా ఆయన నా వైపు గుడ్లురిమి చూశాడు. అయినా టైర్ల సంగతి కూడా చెప్పి, ఆ ఖర్చు తీసేశాకే ఆరు లక్షలు చెబుతున్నానన్నాను.

ఆయన మంచాల మీద కూర్చుని చూశాడు, అరలు తెరిచి మూశాడు. "పని మస్తుగుంది అన్నా," అని మా ఆయనను మెచ్చుకున్నాడు. ఆ తర్వాత వెనక తలుపు తీశాడు.

"గీ బాత్రూం నాకెందుకక్కా? మేం మొగోళ్లం, చేన్లకు పోతం. ఇది పీకేసి ఇంకో మంచం ఏసుకుంట. ఐదు చేసుకోండ్రి."

నా మనసు చివుక్కుమంది. అన్నిటికంటే ఎక్కువ తపన పడి కట్టించింది దాన్నే. అయినా ఆయన మాట కూడా కాదనలేం. అక్కరలేని వస్తువుకు ఎవరైనా డబ్బెందుకు ఇస్తారు?

"వంట ఎవరు చేస్తరు తమ్మీ?" అని అడిగాను.

"మా ఊరి అక్క ఒకామె ఉంది. పోయినేడు దాకా వచ్చింది. ఇగ రానంటాంది."

"ఎందుకట?"

"ఏమో అక్కా, సక్కగ చెప్పది. పాణం బాగలేదంటది."

గడపలో కూర్చున్న అత్తమ్మ తలెత్తింది. "నేను గూడ గట్లనే చెప్పేదాన్ని బిడ్డా," అంది. "మొగోళ్ల నడుమ ఆడిది చేనుకు ఎట్ల పోతది? చీకటి పడేదాక ఆపుకోవాలె. ఆమెకు ఫోన్ చేసి అడుగు."

నేను బిత్తరపోయాను. కన్నకొడుకుతో కూడా ఆ బాధ చెప్పుకోని మనిషి, ఎవరో తెలియని మగవాడి ముందు అంత మాట అనేసింది.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. వంటామెకు ఫోన్ చేశాడు. బండి కొంటున్నానని, అందులో బాత్రూం ఉందని చెప్పాడు. స్పీకర్ పెట్టకపోయినా ఆమె గొంతు మాకు వినిపించింది.

"నిజంగనా? లోపల గొళ్లెం ఉన్నదా?"

"ఉన్నది," అని మా ఆయన గట్టిగా అరిచాడు. "ఇత్తడి గొళ్లెం! నేనే బిగించిన!"

"గట్లయితే వస్త," అందామె.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు. "ఆరే ఖాయం చేసుకోండ్రి అక్కా. వంటామె దొరకక నా డ్రైవర్లే పారిపోతాండ్రు."

కాగితాలు మారాక బండి తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమెను కూడా వెంట తెచ్చాడు. అత్తమ్మే ఆమెను లోపలికి తీసుకుపోయి రాడ్డు ఎలా పట్టుకోవాలో, నీళ్లు ఎంత వాడాలో అన్నీ చూపించింది. బండి గల్లీ మలుపు తిరిగాక మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. మేము చేసిన పనికి తగిన ధరే వచ్చింది, కొన్నాయనకు కూడా నష్టం లేదు. ఆ తృప్తితో నిండుగా ఉన్నాను.

ఆ సంగతి గల్లీలో పాకిపోయింది. ఈమధ్య పక్కింటాయన పాత ఆటో అమ్ముతూ ఎంత చెప్పాలని మా ఆయనను అడిగాడు. మా ఆయన రంపం ఆపకుండానే మా ఇంటి వైపు చెయ్యి చూపించాడు.

"నన్నేమడుగుతవ్? నేను తొమ్మిదంటే ఆరుకు దింపిన మనిషి ఆడున్నది. పోయి అడుగు, ఉన్నదున్నట్టు చెప్తది."