ఎవరి జాగల?

కెనడా నుంచి ఉద్యోగపత్రం వచ్చిన రోజు మా అక్క అడిగిన మొదటి మాట: “ఎవరు పోయిండ్రు తమ్మీ?”

ఒళ్లు మండింది నాకు. ఆ కాగితం కోసం మూడేళ్లు చెప్పులరిగేలా తిరిగాను. నేను డంపర్ల మెకానిక్‌ని. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో కాంట్రాక్టరు కింద పని. ఈ పత్రం లేకుండా నా శాశ్వత నివాసం ఫైలు కదలదని హనుమకొండ కన్సల్టెంట్ ముందే చెప్పాడు. ఉత్తుత్తి పత్రం చెల్లదు. పూర్తికాలం పని కావాలి, సీజన్ పని కాకూడదు, చేయాల్సిన పనులూ జీతమూ రాసి ఉండాలి, ఆ ఖాళీ నిజంగా ఉండాలి. శుక్రవారంలోగా నేను సంతకం చేసి పంపాలి. మరో రెండు నెలల్లో నలభై నిండుతాయి. వయసుకు కెనడా వాళ్లిచ్చే మార్కులు తగ్గితే ఇక ఈ జన్మకు ఫైలు లేవదు. అలాంటి రోజున ఈవిడ ఈ శకునం పలికింది.

అక్క తప్పు కూడా కాదు. మా గని క్వార్టర్లలో ఉద్యోగం కాగితం వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. బాపు సర్వీసులో ఉండగా గుండెపోటుతో పోతే ఆ ఉద్యోగం అక్కకు ఇచ్చారు. ఇరవై ఏళ్లకే గని స్టోర్‌లో చేరింది.

“కొత్త జాగ అక్కా. గక్కడ మన లెక్క ఉండది,” అన్నాను.

“ఖాళీ నిజంగ ఉండాలె అంటున్నవ్ కద. ఉట్టిగ ఖాళీ ఎట్లయితది? నేను సంతకం పెట్టిన్నాడు ఏడ్చిన. నువ్వు నవ్వుతున్నవ్. గదే నాకు భయమైతాంది. ఎవరి జాగల తీసుకుంటున్నరో జర అడుగు.”

అడగొద్దనే అనుకున్నాను. కానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. మర్నాడు పొద్దున్నే వీడియో కాల్‌లో ఆ కంపెనీ మేనేజర్‌ని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను.

ఆయన దాచకుండా చెప్పాడు. నాకంటే ముందున్నవాడు పద్నాలుగేళ్లు చేశాడట. ఇండియా వాడే. మొన్నటి చలికాలంలో ఒకరోజు పనికి రాలేదు. వెళ్లి చూస్తే గదిలో చనిపోయి ఉన్నాడు. అతనిచ్చిన ఇంటి నంబరు మోగలేదు, రాసిన ఉత్తరం తిరిగొచ్చింది.

చెబుతూనే ఫోన్ పట్టుకుని షెడ్డులోకి నడిచాడు. మూలన ఎర్రటి పనిముట్ల పెట్టె ఉంది. “ఎవరం ముట్టుకోలేదు. ఇక నీదే,” అంటూ మూత తెరిచాడు. లోపల పానాలు నేను పెట్టుకునే వరుసలోనే ఉన్నాయి, పెద్దవి ఎడమకు, చిన్నవి కుడికి, సుత్తి అడ్డంగా. స్టేషన్ ఘన్‌పూర్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ కొట్టి మరీ నేర్పిన వరుస అది. ఉస్తాద్ పోయి చాలా ఏళ్లయింది, ఆ వరుస తెలిసింది ఆయన శిష్యులకే.

మూత లోపల మేకుతో ఏవో గీతలు గీసి ఉన్నాయి. “ఇది మీ రాతేనా? ఊరి పేరైతే ఇంటివాళ్లను వెతకొచ్చని మా ఆశ. చదవగలవా?” అని అడిగాడు.

పైలం.

రెండే అక్షరాలు. కోస్తా వాడైతే జాగ్రత్త అని రాసుకునేవాడు. పైలం అని రాసేది మా వైపు వాడే. చదివితే అతను మావాడవుతాడు. మావాడైతే అక్క చెప్పినట్టే, ఇదీ మావాడు పోతే వచ్చిన ఉద్యోగమే అవుతుంది.

“తెలియదు. మా భాష కాదు,” అన్నాను.

గురువారమే సంతకం చేసి పంపాను. అక్క అడిగితే కొత్త జాగనే అని చెప్పాను.

వెళ్లేరోజు బస్టాండులో సంచి అందిస్తూ, “పైలం తమ్మీ. దిగంగనే ఫోన్ చెయ్,” అంది. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే, ఆ రోజు మాత్రం ఆ పెట్టె మూత లోపలి గీతలు కళ్లముందు కదిలాయి. అతనికీ ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు, రేగొండ బస్టాండులోనో, మహబూబాబాద్ స్టేషన్‌లోనో. వాళ్లింకా ఫోన్ కోసం చూస్తూ ఉండవచ్చు.

ఆ పెట్టె ఇప్పుడు నాది. అందులో ఒక్క పానా కూడా నేను మార్చి పెట్టాల్సిన పని పడలేదు. మేనేజర్‌కి నిజం చెప్పాలని రోజూ అనుకుంటాను, సిగ్గుతో నోరు రాదు. చేరిన వారానికే ఆ రెండక్షరాల కింద మేకుతో మా అక్క ఫోన్ నంబరు గీశాను. ఇంగ్లీషు అంకెల్లో, ఇక్కడ ఎవరైనా చదవగలిగేట్టు.