గంజి పెట్టని ఓడ

మరియమ్మ గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయదగ్గ ఘనకార్యం ఆమె చేసిందీ లేదు. పెనుకొండలో మా హైస్కూలులో ఎనిమిదేళ్ళు గంట కొట్టింది, గదులు ఊడ్చింది, తోటకు నీళ్ళు పోసింది. ఆ తర్వాత నా మూలంగా ఆ పని పోగొట్టుకుంది. ఈ చివరి మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు, చెప్పనందుకు ఇంకా సిగ్గుపడ్డాను.

ఆమెది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. మొగుడు చిన్నప్ప బావి తవ్వుతుంటే గట్టు విరిగి మీద పడి చనిపోయాడు. ఉన్నది ఒక్క కూతురు, ఆదెమ్మ. ఆ పిల్లను చదివించుకోవాలని మరియమ్మ పెనుకొండకు వచ్చి బడిలో చేరింది. ఆమెకు గడియారం చూడడం రాదు. వరండాలో మూడో స్తంభం నీడ మెట్టు దిగితే ఇంటర్‌బెల్లు, గోడ ఎక్కితే లాంగ్‌బెల్లు. హెడ్మాస్టరు చేతి గడియారానికీ ఆమె గంటకూ తేడా వస్తే ఆయనే గడియారం సరిచేసుకునేవాడు. మబ్బు పట్టిన రోజున ఏం చేస్తావని ఒకసారి అడిగాను.

"మన సీమలో మబ్బు ఎన్నిదినాలు పడతాది సామీ? ఆ పొద్దు మిమ్మల్నే అడుగుతాలే" అంది.

నేను ఆ బడిలో క్రాఫ్టు టీచర్ని. పేరు రామాంజనేయులు. మా ఇల్లు ధర్మవరంలో, పుట్టుకే మగ్గం పక్కన. పిల్లలకు నూలు వడకడం, టవలు నేయడం నేర్పేవాణ్ణి. లెక్కల మేష్టార్లకూ ఇంగ్లీషు మేష్టార్లకూ ఉన్న గౌరవం క్రాఫ్టు మేష్టరుకు ఉండదు. అందులోనూ డ్రాయింగు మేష్టరు అంజనప్పకు నన్ను ఏడిపించకపోతే ఆ పూట అన్నం అరిగేది కాదు.

1957లో మా హెడ్మాస్టరు బావమరిది ఇంగ్లండునుంచి ఒక పెట్టె తెచ్చాడు. ఆయన బొంబాయిలో ఓడ ఉద్యోగి. పెట్టె నిండా నంబర్లు వేసిన సన్నటి చెక్కముక్కలు, మూడు గుండ్రటి పుల్లలు, తెల్లగుడ్డ, రెండు దారపు ఉండలు, మడతలు విప్పితే బల్లంత వచ్చే ఒక పటం. అన్నీ సరిగ్గా అతికిస్తే పాతకాలపు తెరచాపల ఓడ అవుతుందట. ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవానికి జిల్లా విద్యాధికారి వస్తాడు, అప్పటికి దీన్ని తయారు చేసేదెవరని హెడ్మాస్టరు అడిగాడు. అంజనప్ప కిటికీ బయటికి చూశాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఏమప్పా రామాంజనేయులూ, ఓడకు పడుగెంత, పేకెంత?" అన్నాడు అంజనప్ప. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా నాటుకుంది.

నాకు సముద్రం తెలియదు. మా చిత్రావతిలో నీళ్ళు చూడాలన్నా వానకోసం ఎదురు చూడాలి. పటంలో రాసిన ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. నంబర్లు చూసుకుంటూ ఒక్కో చెక్కనూ నీళ్ళలో నానబెట్టి, వంచి, జిగురు పెట్టి, బట్టలారేసే క్లిప్పులు బిగించాను. హిందూపురం బజారులో సన్న ఆకురాయి, సన్నముక్కు కత్తెర కొనుక్కొచ్చాను. రెండు నెలల్లో ఓడ పొట్ట తయారైంది. తెరచాపల స్తంభాలు నిలబడ్డాయి. మిగిలింది దారాల పని. స్తంభం కొననుంచి అంచుకు, అంచునుంచి ఇంకో స్తంభానికి, మొత్తం నూటయాభై దారాలు. దానికి రెండు చేతులు చాలవు. మరియమ్మ ఊడ్పు ముగించుకుని వచ్చి కొసలు పట్టుకునేది. ఆమె చేతులు మొద్దుబారిన చేతులు, అయినా దారం కదిలేది కాదు.

పెట్టెలో ఇచ్చిన దారం నూగునూగుగా ఉంది. నేతగాడి కంటికి అది నచ్చదు. పడుగు మగ్గమెక్కే ముందు గంజి పెడతాం, నూగు అణిగి దారం తీగలాగా నిలుస్తుంది. క్రాఫ్టు గదిలో బొగ్గుల కుంపటి మీద బియ్యం గంజి కాచాను. మెరుపు కోసం అందులో శెనక్కాయ నూనె వేశాను, మా ఇంటి పద్ధతి అది. దారాలకు పెట్టాను, తెరచాపలకూ పెట్టాను. తడిగుడ్డను చెంబు మీద బోర్లించి ఆరబెడితే పొట్టగా నిలిచింది, అచ్చం గాలి నిండినట్టు.

మరియమ్మ గడప దగ్గర నిలబడి వాసన పట్టింది.

"అయ్యవారూ, గంజిలో శెనక్కాయ నూనె యాల పోస్తాండారు?"

"దారం నున్నగా వస్తాది. ఇది నేతపని, నీకు తెల్దులే."

"నేతపని నాకు తెల్దు సామీ. ఎలకల పని తెలుసు. మా ఊర్లో శెనక్కాయ మూట యాడుంటే ఆడికి వస్తాయి. కాయలు అయిపోతే నూనె మరకలుండే గోనె గూడ తింటాయి. ఇది వాటికి పెండ్లిబువ్వ."

నేను నవ్వాను. అంజనప్ప నన్ను చూసి నవ్వినట్టే నవ్వాను. ఓడలు కట్టేవాళ్ళకు ఎలుకల సంగతి నువ్వు చెప్పాలా అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వార్షికోత్సవం శుక్రవారం. ముందటి శనివారం సాయంత్రం ఓడ పూర్తయింది. హెడ్మాస్టరు దాన్ని తన గదిలో బల్ల మీద పెట్టించి, రెండు చుట్లు తిరిగి చూసి, నా భుజం తట్టాడు. అంజనప్పకు కూడా వంక దొరకలేదు. వడ్రంగి ఉలిగప్ప అద్దాల బీరువా సోమవారం తెస్తానన్నాడు. ఆదివారం ఒక్కరోజే కదా అనుకున్నాం.

సోమవారం పొద్దున్నే మరియమ్మ మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "బిరీన రండి సామీ" అంది. వెళ్ళి చూస్తే ఓడకు దారాలు లేవు. రెండు స్తంభాలు పక్కకు ఒరిగిపోయాయి, తెరచాపలు చీలికలై వేలాడుతున్నాయి. బల్ల మీద, ఓడ లోపల, అంతటా నల్లటి పెంటికలు.

"ఇవిగో సామీ" అని వేలు పెట్టి చూపించింది. 'నేను చెప్తినే' అని ఆమె అనలేదు. అని ఉంటే నాకు కోపమైనా వచ్చేది.

హెడ్మాస్టరు హిందూపురంనుంచి రైల్లో వచ్చేసరికి పదవుతుంది. "నువ్వు పోయి తక్కిన గదులు ఊడ్చుకో" అని ఆమెను పంపించాను. తలుపు దగ్గరికి వేశాను. జేబురుమాలు తీసి బల్లంతా తుడిచాను. ఓడ లోపలివి గోటితో తీశాను. ఒక్క పెంటిక మిగలకుండా మూటగట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఎందుకు చేశానంటే ఇప్పటికీ పెద్ద కారణమేమీ కనబడదు. ధర్మవరం నేతగాడు ఓడకు గంజి పెట్టి ఎలుకలకు మేపాడని అంజనప్ప నవ్వుతాడు. అంతే. ఒక వారం నవ్వేవాడు. ఆ వారం నవ్వు నేను ఓర్చుకోలేకపోయాను.

హెడ్మాస్టరు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. నలుగురు మేష్టార్లు గుమిగూడారు. ఆయనే అన్నాడు:

"ఎలుకలేమో?"

అక్కడే నేను ఔను అని ఉంటే ఈ రాత అవసరం లేకపోయేది.

"ఎలుకలైతే పెంటికలు ఉండాలి కదా సార్" అన్నాను.

ఆయన బల్ల మీదికి వంగి చూశాడు. ఏమీ లేదు. మరియమ్మను పిలిపించాడు. "గది తాళం నీ దగ్గరే కదా?"

"ఔ సార్. పొద్దున నేనే తెరిస్తి. పెంటికలు ఉన్న్యాయి సార్, ఈ బల్ల నిండా. అయ్యవారు గూడ సూసినారు."

అందరూ నా వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు. మరియమ్మ గమనించింది. ఆమె చూపు నా జేబు మీద నిలిచింది, తర్వాత నా ముఖం మీదికి వచ్చింది.

"నేనేమీ చూడలేదు సార్" అన్నాను.

ఆమె నా ముఖం మీదనుంచి చూపు తీసుకుంది. జేబు చూడండి అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకు అనలేదో నాకు తెలియదు. అన్నా వినేవాళ్ళు లేరని ఆమెకు తెలుసేమో. క్రాఫ్టు మేష్టరైనా మేష్టరు మేష్టరే, ఊడ్చే మనిషి ఊడ్చే మనిషే.

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. "దుమ్ము దులుపుతూ కింద పడేశావు, చిక్కుపడ్డ దారాలు పీకి పారేశావు, ఎలుకల మీద నెట్టావు, పైగా మేష్టర్ని సాక్ష్యానికి లాగావు. పడేసినందుకైతే క్షమించేవాణ్ణి మరియమ్మా. అబద్ధానికి పంపిస్తున్నాను" అన్నాడు. ఉగాదినుంచి ఆమె ఉద్యోగం పర్మనెంటు చేయిస్తానని మాటిచ్చినవాడు ఆయనే.

మరియమ్మ తాళం చెవి బల్ల మీద పెట్టింది. బయట స్తంభం నీడ చూసింది.

"గంట టయిమైండాది సార్. కొట్టి పోతా" అంది.

కొట్టింది, వెళ్ళిపోయింది. పిల్లలు రోజూలాగే తరగతుల్లోకి పరుగెత్తారు.

వార్షికోత్సవం ఓడ లేకుండానే జరిగింది. ఆ వేసవి సెలవులకు ధర్మవరం వెళ్ళినప్పుడు, ఊరికే అడిగినట్టు మా నాయన్ను అడిగాను. గంజిలో నూనె పోస్తే ఎలుకలు రావా అని.

"రాకుండా యాడికి పోతాయిరా? ఇంట్లో పిల్లి యాలుండాది అనుకుంటివి? దానికి పాలు పోసేది మీయమ్మ ముద్దుకా?" అన్నాడు మగ్గం ఆపకుండానే. "సాలెకొంపలో పుట్టి ఈమాత్రం తెల్దా నీకి?"

తెలియదు. గంజి గుర్తుంది, పిల్లి గుర్తు లేదు. మరియమ్మకు తెలిసినంత నేతపని కూడా నాకు తెలియదన్నమాట.

సెలవులయ్యాక ఓడను మళ్ళీ కట్టాను. ఈసారి కొసలు పట్టుకునేవాళ్ళు లేరు. పళ్ళతో పట్టుకుని ముడి వేశాను. గంజి గిన్నె ముట్టలేదు. దారాలు నూగుతో వదులుగా వేలాడాయి, తెరచాపలు చప్పబడ్డాయి. "ఏమప్పా, మీ ఓడ జొరం తగిలి లేసినట్లుండాదే" అన్నాడు అంజనప్ప. మరుసటి ఏడు వచ్చిన విద్యాధికారికి మాత్రం అదే బ్రహ్మాండంగా కనిపించింది. నా పేరు రాసి మెచ్చుకుంటూ సంతకం పెట్టాడు. ఓడ అద్దాల బీరువాలో, హెడ్మాస్టరు గది బయట వరండాలో చేరింది. రోజుకు నాలుగుసార్లు దాని ముందునుంచే నడవాలి నేను.

1960లో ఒకసారి బస్సులో హిందూపురం పోతున్నాను. సోమందేపల్లిలో బస్సు ఆగింది. రోడ్డు పక్కన ఆడవాళ్ళు కంకర కొడుతున్నారు. అందులో మరియమ్మ. తలకు గుడ్డ చుట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, రాయి మీద సుత్తి. ఆమె నన్ను చూసింది. సుత్తి కింద పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేను చెప్పు జారినట్టు సీటు కిందికి వంగాను. బస్సు కదిలేదాకా చెప్పు వెతికాను. చెప్పు కాలికే ఉంది.

దిగి ఉండాల్సింది. ఆ రోజే వెనక్కు వెళ్ళి హెడ్మాస్టరుకు చెప్పి ఉండాల్సింది, అప్పటికి ఆయన ఇంకా పెనుకొండలోనే ఉన్నాడు. సాయంత్రం చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. ఆ వేసవిలో ఆయనకు బదిలీ అయింది. ఇక చెప్పినా ఎవరికి లాభం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మళ్ళీ ఆమెను చూసింది 1966లో. ఒక మధ్యాహ్నం బడికి వచ్చింది. తల్లి పని పోయాక మా బడి మానేసిన ఆదెమ్మను హిందూపురంలో ఎవరో హాస్టల్లో పెట్టి చదివించారట. నర్సు ట్రైనింగుకు పుట్టినతేదీ సర్టిఫికెట్టు కావాలట. కొత్త హెడ్మాస్టరు రిజిస్టరు వెతికి తెమ్మని నాకే చెప్పాడు. వెతికాను, తెచ్చాను, ఆయన లోపల కూర్చుని రాస్తున్నాడు. నేను వరండాలోకి వచ్చాను.

మరియమ్మ బీరువా ముందు నిలబడి ఉంది. జుట్టు సగం తెల్లబడింది. అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి ఒక్కో దారమూ చూస్తోంది. నేను వచ్చిన చప్పుడుకు తిరగలేదు.

"ఈ తూరి గంజి పెట్టల్యా, అయ్యవారూ" అంది.

ఎనిమిదేళ్ళుగా మనసులో కట్టిపెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి.

"పెట్టలేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. కొంగుతో అద్దం మీద తన ఊపిరి మరకను తుడిచింది, ఊడ్చే మనిషి అలవాటు. లోపలికి పోయి సర్టిఫికెట్టు తీసుకుంది, బయటికొచ్చి సోమందేపల్లి బస్సు ఎన్ని గంటలకని అడిగింది. నాలుగున్నరకని చెప్పాను. ఎండలో గేటు దాటి వెళ్ళింది.

హెడ్మాస్టరు బయటికి వచ్చాడు. "ఆమె మన బడిలోనే పనిచేసేదట కదా. ఎందుకు మానేసింది?"

వరండాలో ఇంకెవరూ లేరు. ఆయన మంచివాడు, అడిగినదానికి జవాబు కోసం ఆగాడు కూడా.

"తెలియదు సార్" అన్నాను.