ఆముదం తాగిన బోల్టు

ఒక బోల్టు మీద ఇన్నేళ్లుగా కోపం పెట్టుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయి ఉంటాను. వేలెడంత బోల్టు. ఈపాటికి ఏ తుక్కులోనో కరిగిపోయి ఉంటుంది. అయినా ఎక్కడైనా ఇనుము మీద పానా జారిన చప్పుడు వింటే ఇప్పటికీ నా దవడలు బిగుసుకుంటాయి. పోనీలే, పాత సంగతి కదా అంటారు ఇంట్లోవాళ్లు. ఎట్లా పోనివ్వాలి?

అప్పుడు నేను భువనగిరి వైపు ఒక పశువుల దవాఖానలో కాంపౌండరును. ఊళ్లు తిరిగి గొర్రెల మందలకు సూదులు వేయడం నా పని. అందుకోసం ఒక పాత ఫట్‌ఫటి కొనుక్కున్నాను. మిలిటరీవాళ్లు తొక్కి తొక్కి వదిలేసిన మోటారు సైకిలు అది. సాగర్ ఆనకట్ట పనుల మీదకు వచ్చిన ఒక గుత్తేదారు వదిలించుకుంటే నేను తగిలించుకున్నాను. చుట్టుపక్కల పది ఊళ్లలో ఇంకెవరికీ అటువంటిది లేదు. దాని చప్పుడు వినగానే పిల్లలు వాకిళ్లలోకి ఉరికి వచ్చేవాళ్లు. నా మెడ ఒక జానెడు పొడుగయ్యేది, అబద్ధమెందుకు.

ప్రతి శనివారం నేను తలకు ఆముదం పెట్టుకుని, మిగిలింది కోడి ఈకతో బండి బోల్టులన్నిటికీ పూసేవాణ్ణి. మా ఎర్ర చెలకల్లో పండేవే ఆముదాలు. దీపంలోకి అదే, కడుపునొప్పికి అదే, ఎద్దుల బండి ఇరుసుకూ అదే. "ఇనుము ఆముదం తాగితెనే బతుకుతది" అనేవాడు మా బాపు. ఆయన బండి ఇరుసు ముప్పై ఏళ్లు కిర్రుమనకుండా తిరిగింది. నేను నాలుగేళ్లు, ఒక్క శనివారం తప్పకుండా, నా ఫట్‌ఫటికి ఆముదం తాగించాను.

ఆ ఏడు తొలకరి బాగా పడింది. గొర్రెలకు చిటుకు రోగం మొదలైంది. ఆకలి మీదున్న గొర్రె లేత గడ్డి దొరికిందని ఎగబడి మేస్తే, చిటికెలో కూలబడి చచ్చిపోతుంది. ఆలేరు అవతలి నుంచి ఒక గొల్లాయన నడిచి వచ్చాడు. నా తండ్రి వయసువాడు. అప్పటికే ఏడు గొర్రెలు పోయాయట. రేపు పొద్దున్నే వస్తానని, నేను వచ్చి సూదులు వేసేదాకా మందను దొడ్డి దాటనీయవద్దని, పచ్చగడ్డి ముట్టనీయవద్దని గట్టిగా చెప్పాను. ఇంట్లో చొప్ప ఉందా, ఎండుమేత ఏమన్నా మిగిలిందా అని మాత్రం అడగలేదు. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

తెల్లవారి మందు సీసాలు ఐసు పెట్టిన ఫ్లాస్కులో సర్దుకుని బండిని తన్నాను. ఉలకలేదు, పలకలేదు. ముందు రోజు వానకు తడిసి, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలోకి నీళ్లు చేరాయి. దాన్ని ఊడదీసి ఆరబెడితే చాలు, గంట పని. సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం దాకా నెట్టుకుపోయాను. ఆ దుకాణదారు పెద్ద నిదానస్తుడు. మాగ్నెటోకు మూడు బోల్టులు. రెండు మర్యాదగా వచ్చాయి. మూడోది సిలిండరు వెనక సందులో, కంటికి కనబడని చోట ఉంది. రెండు వేళ్లు దూరితే మూడో వేలు దూరదు. పానా తగిలించి సగం చుట్టు తిప్పే జాగా కూడా లేదు. దాన్ని అక్కడ పెట్టినవాడికి చేతులు ఉండేవా అని అడగాలనిపించింది నాకు.

బలమంతా పెట్టాను. పానా జారింది. వేళ్ల కణుపులు చెక్కుకుపోయాయి. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. ఈసారి బోల్టు అంచులు అరిగాయి. గుత్తేదారును తిట్టాను, వాడి ఏడు తరాలను తిట్టాను, చూడవచ్చినవాళ్లను తిట్టాను. వాళ్లలో ఒకడు కాస్త ఆముదం పొయ్యరాదా అన్నాడు. పోశాను. ఇంకొకడు ఇంకాస్త పొయ్యమన్నాడు. ఇంకాస్త పోశాను. బండిని కాలితో తన్నితే నా బొటనవేలి గోరే చిట్లింది.

దుకాణదారు అప్పుడే ఒక సైకిలు తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. గాలి కొట్టి, సీటు తుడిచి మరీ తెచ్చాడు.

"సారూ, గీ సైకిల్ తీస్కొని పో. బోల్టు ఏడికి పోతది? రేపైనా గీడనే ఉంటది."

అప్పటికి ఏడున్నర కూడా కాలేదు. పద్దెనిమిది మైళ్లు. ఎంత నిదానంగా తొక్కినా పదిన్నరకల్లా చేరేవాణ్ణి. ఆయన మాటలో తప్పేముంది? ఏమీ లేదు. కానీ నలుగురి ముందు ఒక బోల్టు నన్ను ఓడించింది. ఫట్‌ఫటి డాక్టరు అని పేరు పడ్డవాణ్ణి, కిరాయి సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ ఊళ్లోకి పోవాలా? దీని సంగతి తేల్చకుండా కదలనన్నాను. ఆయన సైకిలును మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాకా తేలలేదు. చివరికి గుట్ట కింద ఉన్న కమ్మరి కొలిమికి నెట్టుకుపోయాను. ముసలి కమ్మరి సందులోకి వేలు పెట్టి, గోటితో గీకి, వాసన చూశాడు. ఏం నూనె పోస్తావని అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"గిది తుప్పు గాదు బిడ్డా. కొడవలి పిడిల లక్క పోసినట్టు పోసినవ్. బండి ఇరుసు సల్లగుంటది, ఆముదం నడుస్తది. గీడ ఇంజను కాగుతాంది. కాగి కాగి బంకైంది."

పిడిలో బిగిసిన కొడవలిని ఆయన ఎలా ఊడదీస్తాడో దీన్నీ అలాగే ఊడదీశాడు. పెట్రోలు టాంకీ దూరంగా పెట్టించి, సన్నటి కడ్డీని ఎర్రగా కాల్చి బోల్టు తల మీద ఆనించాడు. ఆముదం కమురు కంపు లేచింది. నాలుగుసార్లు కాల్చి, పట్టకారుతో పట్టి తిప్పితే, అంతసేపూ నా ప్రాణం తీసిన బోల్టు తేనెలో పుల్లలాగా తిరిగి వచ్చేసింది. ఎక్కడా వీసమెత్తు తుప్పు లేదు. మర మర సందునా ముదురు పాకంలాగా గోధుమరంగు బంక. నాలుగేళ్ల నా శనివారాలు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. తిట్టిన తిట్లన్నీ ఎవరివో తెలిసింది.

మాగ్నెటోను కొలిమి గట్టు మీద ఆరబెట్టి, బిగించి, పొద్దు వాలే వేళకు ఆ ఊరు చేరాను. దొడ్డి ఖాళీగా ఉంది. ముళ్లకంచె పక్కన మూడు గొర్రెలు కాళ్లు చాపుకుని పడి ఉన్నాయి. గొల్లాయన నాలుగోదాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినవని పొద్దు తిరిగేదాకా కట్టేసిన సారూ. ఇంట్ల పిడికెడు చొప్ప లేదు. ఆకలికి అరుస్తాంటె చూడలేక ఇడిసిన. వాగొడ్డున పడి మేసినయి."

అంతే అన్నాడు. పొద్దున వచ్చి సూదులు వేసినా ఆ మందు ఒంటికి పట్టడానికి రోజులు పడుతుంది. అది నాకు తెలుసు. కానీ పదిన్నరకు వచ్చి ఉంటే చొప్ప లేదని తెలిసేది. ఊళ్లో ఎవరినన్నా అడిగి నాలుగు కట్టలు వేయించేవాణ్ణి, ఆ మంద ఆకలి మీద వాగొడ్డుకు పోయేది కాదు. బతికి ఉన్నవాటికి సూదులు వేసి ఆ ఊళ్లోనే ఉండిపోయాను. తెల్లారేసరికి ఆ మేతకు పోయినవి పదహారు.

బయల్దేరుతుంటే ఆయనే అడిగాడు, నిన్న బండికి ఏమైందని. బోల్టు పట్టేసిందని చెప్పాను. అయ్యో అని గుడిసెలోకి పోయి, గుడ్డపీలిక బిరడా పెట్టిన ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్లావిడ వండిన ఆముదం.

"బండికి పట్టియ్యి సారూ. ఇనుము ఆముదం తాగితెనే బతుకుతది."

తిడితే బాగుండును. గల్లా పట్టుకుంటే బాగుండును. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది, ఆ మంచితనం మీద. సీసా తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. సైకిలు సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.