పాట వెనకాల మా చిన్నమామ

మా చిన్నమామ పోయాడని నాకు మొదట చెప్పింది మా అత్త కాదు, మార్కాపురం టైలరన్న. గిద్దలూరులో నేను పనిచేసే బడిలో అప్పుడు ప్రార్థన జరుగుతోంది. ఫోనెత్తి పక్కకు రాగానే, "అమ్మా, మీ మామ తెల్లారి ఐదింటికి పోయినాడు. మీ అత్త మాట్లాడేటట్టు లేదు, అందుకే నేను చేస్తాండా" అన్నాడు. వెనకాల పిల్లలు పాడుతూనే ఉన్నారు. పాట అయిపోయేదాకా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

యాభై ఆరేళ్లకే పోయాడు. ఉన్నట్టుండి గుండె ఆగి ఉంటే ఇంతే రాసిపెట్టి ఉందని ఊరుకునేదాన్నేమో. ఆయన్ని తీసుకుపోయింది రాతి దుమ్ము. ఇరవై ఏడేళ్లు పలకల ఫ్యాక్టరీలో కోత మిషను ముందు నిలబడి పీల్చిన దుమ్ము. ఇది రాస్తుంటే నాకు దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. చదివేవాళ్లు ఏమీ అనుకోకండి.

ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు. కొనకనమిట్ల దగ్గర వాళ్లకున్న చేను వాన పడితేనే పండేది. మూడేళ్లు వరసగా కంది ఎండిపోయాక మార్కాపురం వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. ఆ ఊళ్లో చర్చికి కొత్తగా కీబోర్డు వచ్చి, పాత గిటారును మూలన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడు. నేర్పేవాళ్లు లేరు. కేసెట్టు వేయడం, ఆపడం, వెనక్కి తిప్పడం, ఆ ముక్క దొరికేదాకా తీగలు వెతుక్కోవడం. అట్లాగే నేర్చుకున్నాడు. రోజంతా రాళ్లు మోసి మొద్దుబారిన వేళ్లకు తీగలు గుచ్చుకునేవి కావని నవ్వేవాడు.

ఇంటర్ చదవడానికి నేను వాళ్లింట్లో రెండేళ్లున్నాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మామ టైలరన్న దుకాణానికి బయల్దేరేవాడు, వెంట నేనూ. అక్కడ పెద్ద టేప్ రికార్డరు ఉండేది. దోర్నాల బస్సులో కండక్టరుగా చేసే ఆయన కూడా వచ్చేవాడు. కర్నూలుకో హైదరాబాదుకో డ్యూటీ పడినప్పుడల్లా మార్కాపురంలో దొరకని కేసెట్లు ఆయనే తెచ్చేవాడు. నలుగురం, నాలుగు పిచ్చులు. టైలరన్నకు గొంతు ముఖ్యం. గజల్ పాడే ఒకాయన పేరెత్తితే కుట్టు ఆపి భక్తిగా చెవులు పట్టుకునేవాడు. కండక్టరుకు కచేరీలు ముఖ్యం. ఏ ఊళ్లో ఎవరిది విన్నాడో, జనం ఎక్కడ లేచి నిలబడ్డారో చెబుతూ పోతే మాకు టీ చల్లారిపోయేది. నాకు అప్పట్లో కొత్త పాటలే పాటలు. మామ మాత్రం పల్లవి అయిపోయేదాకా ఓపిక పట్టి, చరణానికి ముందు వచ్చే గిటారు ముక్క దగ్గర చెయ్యెత్తేవాడు. అందరం నోరు మూసుకోవాలి.

"నోరు పాడేది లోకమంతా ఇంటాది. ఏళ్లు పాడేది ఇనండి" అనేవాడు, వేళ్లు ఆడించి చూపిస్తూ.

కేసెట్టు అట్టమీద హీరో బొమ్మ, పాడినవాళ్ల పేర్లు, రాసినవాళ్ల పేర్లు ఉండేవి. గిటారు వాయించిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. అది మామకు ఒళ్లు మండే విషయం. ఒకసారి కండక్టరు గొంతు లేకుండా గిటారు మీదే పాత సినిమా పాటలు వాయించిన కేసెట్టు తెచ్చాడు. లోపలి కాగితం మీద వాయించినాయన పేరుంది. మామ ఆ పేరును వేలితో తడిమి చూశాడు. తనకు ఇన్నేళ్లుగా ఇష్టమైన ముక్కల్లో సగం ఆ చేతివేనని ఒక్క పూటలో గుర్తుపట్టేశాడు. పాడేవాడు లేకుండా పాటేందని టైలరన్న వాదించాడు గానీ, ఆ కేసెట్టు అరిగిపోయేదాకా విన్నది ఆ దుకాణంలోనే.

నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నప్పుడు ఆ గిటారిస్టుకు విజయవాడలో సన్మానం, కచేరీ అని తెలిసింది. మామ వాళ్లు ముగ్గురూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కారు, గుంటూరులో నేనూ కలిశాను. మామ కొత్త చొక్కా వేసుకుని, ఆ కేసెట్టు కాగితాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం రెండు గంటలు ఉపన్యాసాలే జరిగాయి. తర్వాత కుర్ర గాయకులు వచ్చి పాడారు. సన్మానం పొందిన మనిషిని వెనక వరసలో డ్రమ్ముల పక్కన కూర్చోబెట్టారు. ఆయన వాయిస్తూనే ఉన్నాడు, చెయ్యి కదలడం కనిపిస్తోంది, గిటారు మాత్రం వినపడదు. రెండో పాటలో మామ లేచి నిలబడ్డాడు.

"గిటారు ఇనపడటంల్యా. ఆయనకు మైకు పెట్టండి."

ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఎవరో నవ్వారు. మామ మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా అన్నాడు. నా క్లాసు అమ్మాయిలు ఇద్దరు అదే హాల్లో ఉన్నారు. మామ చొక్కా పట్టుకుని లాగి, "కూర్చో మామా, పరువు పోతాంది" అన్నాను. ఆయన నావైపు ఒక్కసారి చూసి కూర్చున్నాడు.

తర్వాత మెట్ల దగ్గర ఆ పెద్దాయన కనిపించాడు. శాలువా చంకలో ఇరికించుకుని, గిటారు పెట్టె తనే మోసుకుంటూ దిగుతున్నాడు. మామ కాగితం చాపితే సంతకం పెట్టి, లేచి అరిచింది నువ్వేనా అని అడిగాడు. మామ తలూపాడు.

"నాకూ వినపడలేదు బాబూ" అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో మామ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ హాల్లో న్యాయమైన మాట మాట్లాడినవాడు ఒక్కడే, వాణ్ణి కూర్చోబెట్టిందాన్ని నేను.

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా ఎవరికీ గుర్తులేదు. టీబీ అన్నారు. ఆర్నెల్లు మందులు మింగాడు. తగ్గలేదని ఇంకో ఆర్నెల్లు మింగించారు. బీడీ మానేయమన్నాడొక డాక్టరు, జన్మలో బీడీ ముట్టని మనిషిని. చివరికి కర్నూలులో ఒక లేడీ డాక్టరు, ఏం పని చేస్తావని అడిగింది. అన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఇది టీబీ కాదు, ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయింది, నయం కాదు అని చెప్పింది. ఫ్యాక్టరీలో పనిచేసినట్టు కాగితం తెచ్చుకుంటే, పని వల్ల వచ్చిన జబ్బని రాసిస్తాననీ, పరిహారానికి పెట్టుకోవచ్చనీ అంది.

మామను తీసుకుని నేనే ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆయన ఆయాసానికి మెట్లెక్కలేక బయట బెంచీ మీద కూర్చున్నాడు. మేనేజరు మర్యాదగానే రిజిస్టరు తిప్పి చూపించాడు. ఎక్కడా మామ పేరు లేదు. ఆ పేరుతో అక్కడ ఎవరూ పనిచేయలేదట.

అంతకు మూడేళ్ల ముందు విదేశాల నుంచి కొనుగోలుదారులు వచ్చినప్పుడు ఫ్యాక్టరీ వాళ్లు ఒక వీడియో తీయించారు. నీళ్లు చల్లి దుమ్ము అణచి, రాతి పలకల మధ్య మామను స్టూలు మీద కూర్చోబెట్టి గిటారు వాయించమన్నారు. మా దగ్గర పనివాళ్లు ఇంత సంతోషంగా ఉంటారని చెప్పుకోవడానికి. అది ఇప్పటికీ నెట్లో వాళ్ల పేజీలో ఉంది. ఫోనులో అది తీసి మేనేజరు ముందు పెట్టాను.

"మరి ఈయన ఎవరు సార్?"

ఆయన చూశాడు. "అదా అమ్మా, ఆ రోజు ప్రోగ్రాం కోసమని పిలిపించినాంలే."

తలుపు తీసే ఉంది. మామకు అంతా వినపడింది. ఆటోలో కూర్చున్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా తలమీద చెయ్యి వేసి, "ఏయలేదా పేరు? కేసెట్ల మీద గూడా ఏయరు గదా పాపా" అని నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గయి, ఇల్లు చేరేదాకా తెగలేదు.

తర్వాత ఏడాదిన్నర బతికాడు. గిటారు ఛాతీకి ఆనితే ఊపిరి అందదని వాయించడం మానేశాడు. టైలరన్న దుకాణానికీ పోలేక, ఆయన్నీ కండక్టరునీ ఇంటికే రమ్మనేవాడు. ఆ ఇద్దరూ ఆఖరి ఆదివారం దాకా వచ్చారు. ఫ్యాక్టరీ నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు, సమాధి దగ్గరికి కూడా.

సమాధి చేసిన మర్నాడు వాళ్ల పేజీలో ఆ వీడియో మళ్లీ కనిపించింది. ఈసారి పైన పూలదండ బొమ్మ వేశారు. మా కుటుంబ సభ్యునికి కన్నీటి వీడ్కోలు అని రాశారు. బతికుండగా లేడన్న మనిషి చచ్చిపోయాక కుటుంబ సభ్యుడయ్యాడు.

ఆ వీడియో చూసి టైలరన్న వాళ్లను తిట్టిపోశాడు. దాన్ని తీసేయించాలని నేను ఫిర్యాదు రాసుకుని, సంతకం కోసం పోయిన ఆదివారం అత్త దగ్గరికి వెళ్లాను. దానికి ముందు మామ వాయించినవి మా దగ్గర ఏమైనా ఉన్నాయేమోనని అందరం వెతికాం. కండక్టరు ఫోనులో ఏమీ లేవు. టైలరన్న అలమరలో వందల కేసెట్లున్నాయి, ఒక్కదాంట్లోనూ మామ లేడు. రికార్డు చేస్తామంటే, ఇంకా నేర్చుకుంటాండా అని తప్పించుకునేవాడు. నా ఫోనులో ఉన్నవి ఫొటోలే.

అత్త కాగితం చదివించుకుని విని, నాకే తిరిగిచ్చేసింది.

"తీసేయించొద్దు పాపా. తీసేస్తే ఆయన వాయించేది నాకు ఇంకెక్కడ ఇనపడతాది?"

తర్వాత గడప మీద కూర్చుని ఫోను తీసింది. మామ జీవితంలో మిగిలిన ఒక్క నిమిషం నలభై సెకన్ల సంగీతం మొదలైంది. బొమ్మ కింద ఎర్ర అక్షరాల్లో ఫ్యాక్టరీ పేరు వెళుతూ ఉంటుంది. అత్త తన బొటనవేలు ఆ అక్షరాల మీద పెట్టింది. గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కి పట్టుకుంది. వాయించడం అయిపోయేదాకా తియ్యలేదు.