లేని అలలకు తగ్గింపు

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి గొప్ప బేరం లక్షా ఇరవై ఏడు వేల రూపాయల కెమెరా. లక్షా ముప్పై ఎనిమిది చెప్పిన దుకాణదారుతో రెండు గంటలు కూర్చుని పదకొండు వేలు దించాను. సంచీ, తుడుచుకునే గుడ్డ ఉచితం. తీసిన ఫోటోను నేరుగా ఫోన్‌కు పంపే వసతి ఉందా అని మాత్రం అడగలేదు. లేదు. అందులో నాలుగో వంతు ధర కెమెరాలకు అది ఉంది. బస్తా విప్పి చూడనిదే పప్పు కొనని కిరాణా కొట్టు ఇంట్లో పుట్టి నేను సాధించిన ఘనత ఇది.

అప్పుడు 2020. మొదటి లాక్‌డౌన్ సడలించారు. సూరత్‌లో మల్లేశం సేటు చీరల కొట్టుకు నేను ఫోటోగ్రాఫర్‌ని, ఫోటోకు ఇరవై రూపాయలు. సేటుది ఇక్కడి మగ్గాల మధ్య పెరిగిన తెలంగాణ కుటుంబం. కొనేవాళ్ళు రాలేని రోజులు కనుక చీర ఫోటో వాట్సాప్‌లో వెళ్ళాలి. అవతలి దుకాణదారు చూసి అక్కడికక్కడే సరుకు ఖాయం చేస్తాడు. ఆలస్యమైతే ఇంకో కొట్టు చూసుకుంటాడు. “మా సేల్స్‌మన్ ఫోన్‌ల తీస్తే సరిపోదా అన్నా?” అని సేటు అప్పటికే రెండుసార్లు అడిగాడు. నా పని నిలవాలంటే పెద్ద కెమెరాయే దిక్కనుకున్నాను.

కానీ దానిలోంచి ఫోటో బయటికి రావాలంటే కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టాలి. ఆ కంప్యూటర్ ఖటోదరా బస్తీలో మా ఇంట్లో ఉంది. చీరనే నేరుగా ఫోన్‌తో తీస్తే సేటు మాటే నిజమవుతుంది. అందుకని వేలాడదీసిన చీర చాటుకు వెళ్ళి, కెమెరా వెనక తెర మీది బొమ్మను నా ఫోన్‌తో ఫోటో తీసి పంపడం మొదలుపెట్టాను. మూడు రోజులు బ్రహ్మాండంగా సాగింది.

నాలుగో రోజు జగిత్యాల నుంచి దుకాణదారు రాజయ్య ఫోన్ చేసి, పిస్తా రంగు మీద అలలున్న చీరలు నలభై పంపమన్నాడు. మా పిస్తా చీర సాదాది. సేటు ఫోటో తెరిచాడు. తెరను ఫోన్‌తో తీస్తే ఒక్కోసారి వంకర గీతలు పడతాయి. అవి చీర నిండా ముచ్చటగా పరుచుకుని ఉన్నాయి.

“ఏందన్నా గిది? అలలు యాడికెళ్ళి వచ్చినయ్?”

చెప్పక తప్పలేదు. సేటు నవ్వలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, “ఆర్డర్ పోతే నువ్వు గూడ పోతవ్. మాట్లాడు,” అన్నాడు.

రాజయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను.

“అలలు లేకుంటె చీరకు నలభై తగ్గియ్యాలె,” అన్నాడు.

“లేని అలలకు నలభై ఏందే?”

“లేనియి ఎందుకు చూపినవ్ మరి?”

పదితో మొదలుపెట్టి, కడితే సాదాదే చల్లగా ఉంటుందని కూడా వాదించి, ఇరవై ఐదు దగ్గర తెగ్గొట్టాను. నలభై చీరలకు ఆ వెయ్యి రూపాయలూ నా మీదే పడ్డాయి. సేటు ఆ సాయంత్రమే తీర్పు చెప్పాడు: “రేపటి నుంచి ఫోన్‌తోనే తియ్యి. ఫోటోకు పన్నెండు.” పని మాత్రం పోలేదు.

తెలుసుకున్నది ఒకటే. వస్తువు కొనేటప్పుడు ధర ఎంత దిగుతుందని కాదు, మన పని మొదటి నుంచి చివరిదాకా దానితో చేసి చూడాలి. ఆ కెమెరాను ఏడాది తర్వాత అరవై ఒక్క వేలకు అమ్మాను. పోయినవి అరవై ఆరు వేలు. అలల తగ్గింపు వెయ్యి. దానితో నాలుగు రోజులు తీసిన ఫోటోలకు వచ్చిన కూలి రెండు వేల నాలుగు వందలు. నికర నష్టం అరవై నాలుగు వేల ఆరు వందలు.