డబ్బాలో నానిన అలసందలు

సాయంత్రం తిరువళ్ళూరులో రైలెక్కాను. పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ కార్మికురాలు స్టీలు డబ్బా తెరిచి, ఒక అలసంద గింజను గోటితో నొక్కి చూసింది. పొద్దున పనికి బయల్దేరుతూ నీళ్ళు పోసి తెచ్చుకుందట.

"డ్యూటీ అయ్యేలోపల నానిపోతాయక్కా. తిరుత్తణిలో దిగి ఇంటికి పోతానే మూడు విజిల్సు, రెండు వంకాయలు, రవ్వంత చింతపండు. పిల్లోళ్ళు పుస్తకాలు మూసేటప్పటికి కొళంబు, అదే పులుసు, రెడీ."

నేనూ తిరుత్తణిలోనే దిగాలి. అక్కడ లాడ్జిలో తిందామని కొనుక్కున్న ఉడికించిన చిక్కుడు గింజల టిన్ను గొప్పగా చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీన్ని ఎవరు నానబెట్టినారక్కా?"

"తెలీదు."

ఆమె టిన్ను నా సంచిలో పెట్టేసింది.

"మా ఇంటికి రా అక్కా. ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తే నీకూ సరిపోతాది."

నిజంగానే సరిపోయింది. రెండోసారి కూడా వడ్డించింది.